కింద ‘చె’ అని రాసిన పేజీలు

అమ్మ నోటుపుస్తకం పరుపు కింద లేదు, బీరువాలో లేదు, పిండి డబ్బా వెనక లేదు. అంటే ఇరవై మూడు ఇళ్ల ఆడవాళ్లు అమ్మ చెవిలో తప్ప ఇంకెక్కడా వెయ్యని మాటలు ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉన్నాయి.

“మళ్లీ చూడు,” అంది అమ్మ మంచం మీంచి.

“మూడుసార్లు చూశానమ్మా.”

“నాలుగోసారి చూడు. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం నువ్వు.”

నాలుగోసారీ చూశాను. లేదు. అమ్మ లేవబోయింది. తుంటి దగ్గర నొప్పి పొడిచేసరికి దుప్పటి పిడికిట్లో బిగించి మళ్లీ వాలింది.

అది వానాకాలం రెండో వారం. చర్చి వెనక మెట్ల మీద జారిపడి అమ్మ తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. లోపల ఉక్కు కడ్డీ వేశారు. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాను. నాది బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. నిజం చెప్పేవాళ్లని కూడా ఒకసారి అనుమానించి చూసుకున్నాకే వదలడం మాకు అలవాటు.

నాన్న పాస్టరు. నలభై ఒక్క ఏళ్లుగా అదే చర్చి, దాని గోడకి ఆనుకుని ఇదే ఇల్లు. జనం ‘అయ్యగారి సేవ’ అంటారు. నేను చూస్తూ పెరిగిన సేవ మాత్రం ఇది: నాన్న వేదిక మీద మాట్లాడేవారు, అమ్మ చెప్పులేసుకుని ఇళ్లకి బయల్దేరేది. పురిటి మంచాల పక్కన కూర్చుంది. చనిపోయినవాళ్లకి స్నానం చేయించింది. ఆసుపత్రి వరండాల్లో ఎవరెవరి తల్లుల కోసమో తెల్లవార్లూ మేలుకుంది. ఆదివారం బడిలో మూడు తరాల పిల్లలకి పాటలు నేర్పింది. ఇదంతా ఒక ఎత్తు, మా పెరటి తలుపు ఒక ఎత్తు. సూది కావాలనో, కాస్త చక్కెర కావాలనో వంక పెట్టుకుని ఆడవాళ్లు ఆ తలుపు కొట్టేవాళ్లు. వంటింట్లో చిన్న స్టూలు మీద కూర్చునేవాళ్లు. సూది సంగతి మర్చిపోయి ఏడ్చేవాళ్లు. వాళ్లు వెళ్లాక అమ్మ నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాసుకుని, రోజూ పొద్దున్నే ఆ పేజీలు ముందు పెట్టుకుని ప్రార్థన చేసేది.

పేర్లు రాసేది కాదు. ‘కుట్టుమిషను’, ‘నీలం తలుపు’, ‘రెండో బెంచీ దగ్గు’ అని గుర్తులు. ఇది చెప్పడంలో నేనూ అమ్మ పద్ధతే పాటిస్తున్నాను.

“నాన్నని అడగనా?” అన్నాను.

“వద్దు.”

“ఎందుకు?”

“పోయిన గొడుగు గురించి చెప్పినట్టు ఆదివారం ప్రకటన చేసేస్తారు. అసలు అందులో ఏముందో ఆయనకి తెలియదు. పెళ్లయిన కొత్తలోనే అనుకున్నాం. ఆయన వేదిక జోలికి నేను వెళ్లను, నా గుమ్మం జోలికి ఆయన రారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.” అమ్మ వేళ్లు మంచం పట్టీ మీద టకటక కొట్టుకుంటున్నాయి. “నువ్వు కూడా ఎవరితోనూ అనకు. పుస్తకం పోయిందని తెలిస్తే చాలు, ఆ ఇరవై మూడు మందికీ ఊపిరాడదు.”

నాన్న కూడా ఆ రోజుల్లో ఒకచోట కుదురుగా ఉండేవారు కాదు. అమ్మ లేకుండా ఒక్కరే ఇళ్లు చూడటానికి వెళ్లేవారు. తడిసి వచ్చేవారు. వరండాలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి మళ్లీ గొడుగు తీసుకునేవారు. అమ్మ మీద బెంగ అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. నేను చివరి బెంచీలో కూర్చున్నాను.

చర్చి గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కోరేవాళ్లు అందులో పేరు లేకుండా చీటీ వేస్తారు. నాన్న ఆ చీటీలు చదివి కళ్లు మూసుకుంటారు. ఒకసారి ఆయన కళ్లు మూసుకుంటే పైకప్పు కూలినా తెరవరు. మోకాలి నొప్పి, పరీక్ష, ఉద్యోగం, నిద్ర పట్టకపోవడం. నాలుగు చీటీలు అయ్యాయి. ఐదోది చదివారు.

“పెళ్లికి ముందు కన్న బిడ్డని వేరే చేతుల్లో పెట్టి, ఇరవై రెండేళ్లుగా ఆ బిడ్డ ఎక్కడుందో తెలియక కుమిలిపోతున్న ఒక తల్లి కోసం ప్రార్థిద్దాం.”

కళ్లు మూసుకున్నారు. మూడో బెంచీలో కుట్టుమిషను అక్క లేచి నిలబడింది. ఎటు వెళ్లాలో తెలియనట్టు ఒక్క క్షణం ఊగి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది. పక్కన భర్త నోరు తెరిచి చూస్తున్నాడు. ఆడవాళ్ల బెంచీల్లో వంచిన తలలు ఒక్కొక్కటే లేచాయి. నాన్న మాత్రం ఆ తల్లికి శాంతినివ్వమని దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నారు.

నేను ఇంట్లోకి పరుగెత్తేసరికి అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చర్చి మైకు మా పడగ్గదిలోకి అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది.

“కుట్టుమిషను లేచిందా?”

“లేచి వెళ్లిపోయింది.”

“అది నా రాతే,” అంది అమ్మ. “‘వేరే చేతుల్లో పెట్టి’. అది నా మాట.”

మధ్యాహ్నం నాన్న వరండాలో బూట్లు విప్పుకుంటుంటే పక్కన నిలబడ్డాను. “ఆ చివరి చీటీ ఎక్కడిది నాన్నా?”

“చీటీలన్నీ పెట్టెలోవే కదమ్మా,” అన్నారు లేసు ముడితో కుస్తీ పడుతూ.

ఒక్కదాని గురించి అడిగితే అన్నిటి గురించి చెప్పడం ఎలాంటి జవాబో నా ఉద్యోగంలో నాకు మొదటి నెలలోనే నేర్పారు. కానీ నాన్న ముందు నేను ఉద్యోగం చెయ్యలేదు.

సోమవారం కుట్టుమిషను అక్క దుకాణానికి వెళ్లాను. దిండు గలీబు కుడుతోంది. నన్ను చూసినా మిషను ఆపలేదు.

“గొడుగు తెచ్చావా? అక్కడ పెట్టు.”

“అక్కా...”

“అమ్మగారికి తప్ప గోడకి కూడా చెప్పలేదు నేను. ఇరవై రెండేళ్లు దాచుకుని, ఇక దాచలేక చెప్పా. ‘ఈ మాట ఇక్కడే ఆగిపోతుంది’ అని నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడ ఆగిందో చూశాంగా.”

“అమ్మ చెప్పలేదక్కా. ఒట్టు.”

“మరి దేవుడొచ్చి అయ్యగారి చెవిలో ఊదాడా?” దారం తెంపింది. “మా ఆయన అడిగాడు, ఎందుకు లేచావని. తలనొప్పన్నా. సరేనని తలూపాడు. నమ్మినవాడు అంతసేపు తలూపడు.” మళ్లీ మిషను తొక్కింది. “ఆ పెరటి తలుపు ఇక నేను కొట్టను. ఇంకెవరూ కొట్టరు కూడా. అమ్మగారితో చెప్పు.”

చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ వారమంతా ఒక్కరు రాలేదు. పెరట్లో గాలికి గొళ్లెం కదిలినప్పుడల్లా అమ్మ “ఎవరో చూడు” అనేది. బుధవారం నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి వాకరు పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది. చెమటలు కారిపోతున్నాయి.

“ఎక్కడికి?”

“దుకాణం దాకా.”

“అమ్మా, ఆ కడ్డీ జరిగితే జన్మలో నడవలేవు!”

“నలభై ఒక్క ఏళ్లు నడిచాను. చాల్లే.”

మంచం మీద కూర్చోబెట్టేసరికి నాకు ఏడుపొచ్చింది. దొంగని పట్టుకోవాలి. అంతకంటే మందు లేదు.

పెట్టె తాళంచెవి చిన్న పాస్టరు దగ్గర ఉంటుంది. నాన్న తర్వాత ఆ వేదిక ఎక్కబోయేది అతనే. తాళంచెవి ఉంది, లాభం కూడా ఉంది. ఇంకేం కావాలి? బెంచీలు తుడుస్తుంటే పట్టుకున్నాను.

“శనివారం పెట్టె తీసింది నువ్వేగా?”

“నేనేనక్కా.”

“ఐదో చీటీ ఎవరి చేతిరాత?”

“ఐదోదా?” గుడ్డ పిండుతూ ఆగాడు. “నాలుగే ఉన్నాయక్కా. మోకాలు, పరీక్ష, ఉద్యోగం, నిద్ర. నిద్ర పట్టడం లేదన్నది నేనే వేశా, నవ్వకు. ఐదోది చదివేసరికి నేనూ ఉలిక్కిపడ్డా.” అప్పుడు అర్థమైంది అతనికి. చెవులు ఎర్రబడ్డాయి. “నా మీద అనుమానమా? మీ అమ్మగారు నాకు అన్నం పెట్టి చదివించారక్కా. ఆవిడ పడిపోయిన మెట్లు రోజూ ఇసుక వేసి తోముతున్నా, తెలుసా?”

నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. కానీ బుర్ర ఆగలేదు. పెట్టెలో నాలుగు, వేదిక మీద ఐదు. మధ్యలో ఎవరో కలిపారు. ఆ తర్వాతి ఆదివారం చీటీలు నాన్న చేతికి వెళ్లేదాకా నేనే కాపలా కాశాను. మూడు చీటీలు. ఒక్కొక్కటీ చదివి మడిచి స్వయంగా ఇచ్చాను.

నాన్న మూడూ చదివారు. తర్వాత జేబులోంచి ఇంకొకటి తీశారు.

“ఇక్కడ ముందు వరసలో కూర్చుని, ఇంటికి వెళ్లి భార్య మీద చెయ్యి చేసుకునే ఒక భర్త మారుమనసు కోసం ప్రార్థిద్దాం.”

ముందు వరసలో కూర్చునే భర్తలు నలుగురు. అందులో ముగ్గురు పక్కకి చూశారు. సంఘ పెద్ద మాత్రం తిన్నగా ముందుకే చూశాడు. అతని భార్య, అమ్మ పుస్తకంలో ‘నీలం తలుపు’, పాటల పుస్తకం ఒళ్లోంచి జారిపోతున్నా పట్టుకోలేదు.

ఆరాధన అయ్యీ అవగానే సంఘ పెద్ద మా ముందుగదిలో ఉన్నాడు.

“మా ఇంటి గుట్టు చర్చిలో చదువుతారా అయ్యగారూ?”

నేను టీ కప్పు బల్ల మీద పెట్టాను. “మీ ఇల్లని ఎవరన్నారండీ? చీటీలో పేరు లేదే.”

చిన్న పాస్టరు గొడుగు ముడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. సంఘ పెద్ద ముఖం మాడిపోయింది. తేరుకుని గొంతు ఇంకా పెంచాడు.

“మంచాన పడ్డా మీ ఆవిడ నోరు మాత్రం ఊరుకోలేదన్నమాట! ఊళ్లో ఆడవాళ్లంతా అదే అంటున్నారు. మొన్న ఒకావిణ్ణి ఏడిపించారు, ఇవాళ మమ్మల్ని. గురువారం స్త్రీల కూడికలో అందరి ముందూ ఆవిడ సంజాయిషీ చెప్పాలి. లేదంటే పైవాళ్లకి రాస్తాం. ఆడవాళ్ల పని ఆవిడ చేతిలోంచి పోతుంది, ఈ ఇల్లూ పోతుంది.”

నాన్న అతని ముఖంలోకే అదేపనిగా చూశారు, ఎక్కడో చూసిన మనిషిని ఎక్కడ చూశానా అన్నట్టు. “ఎవరా ఆవిడ...” అని ఏదో అనబోయి ఆగిపోయారు. భయపడ్డారనుకున్నాను. నాకు ఒళ్లు మండింది.

సోమవారం పొద్దున్న పెరటి తలుపు చప్పుడైంది. ఎనిమిది రోజుల తర్వాత అదే మొదటిసారి. నీలం తలుపు ఆవిడ, చేతిలో సంచి, ఎడమ మణికట్టుకి గుడ్డ.

“చీటీ నువ్వే వేశావా అని మా ఆయన అడిగారు,” అంది ఆవిడ, అమ్మ మంచం పక్కన నిలబడి. “నోటితో అడగలేదు.”

అమ్మ జరిగి చోటిచ్చింది. “కూర్చో. ఇక్కడే ఉండు. తిట్టాలంటే తిట్టు, కానీ వెళ్లకు.”

ఆవిడ తిట్టలేదు. “నాకు ఇంకో తలుపు తెలియదు అమ్మగారూ,” అంది. నా మంచం ఆవిడకిచ్చి నేను చాప వేసుకున్నాను. గదిలోకి తొంగిచూసిన నాన్న ఆ మణికట్టు చూశారు. తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. భోజనానికి పిలిచినా రాలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

“ఒక సంగతి ఆలోచించావా? పుస్తకంలో నూట ఎనభై పేజీలున్నాయి. జలుబులున్నాయి, అత్తాకోడళ్లున్నారు, పిల్లి తప్పిపోయినావిడ కూడా ఉంది. అవేవీ చదవలేదు. చదివినవి రెండూ కింద ‘చె’ అని గుర్తు పెట్టిన పేజీలు.”

“చె అంటే?”

“చెప్పకూడదు. చచ్చినా ఎవరికీ చెప్పకూడనివి. అలాంటివి తొమ్మిదే ఉన్నాయి.”

“మరి దొంగకి ఆ సంగతి ఎలా తెలుసు?”

“అదే నేనూ అనుకున్నా. దొంగైతే బెదిరించాలి, పేరు పెట్టాలి. ఈ మనిషి ప్రార్థన చేయిస్తున్నాడు. జాలిపడుతున్నాడు.” అమ్మ కిటికీ వైపు చూసింది. “చె...” అంది తనలో తను. వేళ్లు టకటక కొట్టుకోవడం ఆగిపోయింది. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

“ఇక వెతక్కు,” అంది చివరికి.

“ఎవరో తెలిసిందా?”

“వెతకొద్దన్నానా.”

గురువారం స్త్రీల కూడిక మా ముందుగదిలోనే పెట్టారు. అమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చి కూర్చోబెట్టాం. మామూలుగా పదిహేను మంది వస్తే గొప్ప. ఆ రోజు గుమ్మం దాకా నిండిపోయారు. ప్రార్థనకి వచ్చిన ముఖాలు కావవి. కుట్టుమిషను అక్క గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. నీలం తలుపు ఆవిడ నా పక్కన కూర్చుంది. ఒకావిడ పక్కావిడ చెవిలో, “నేను నా సంగతి చెప్పకపోవడం ఎంత మంచిదైందో,” అంది, అందరికీ వినపడేలా.

అమ్మ పాట పాడించలేదు. వాక్యం చదివించలేదు.

“నేనే చెప్పాను,” అంది. “మా ఆయనతో నోరు జారాను. ఆయన తప్పేం లేదు. ఇక మీదట మీరెవరూ నాతో ఏమీ చెప్పుకోవద్దు. ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి.”

నేను కుర్చీలోంచి లేచాను. అమ్మ నా వైపు చూసిన చూపుకి మళ్లీ కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్లు రెండు ముక్కల్లో తీసి పక్కన పెట్టేసింది.

“ఎందుకమ్మగారూ?” అంది కుట్టుమిషను అక్క. గొంతులో కోపం లేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. “ఎందుకు చెప్పారు?”

అమ్మ చెప్పనిదానికి కారణం ఎక్కణ్నుంచి తెస్తుంది?

లోపలి గది తలుపు తెరుచుకుంది. స్త్రీల కూడికలోకి నాన్న ఎన్నడూ అడుగుపెట్టలేదు. అమ్మ చెయ్యి ఎత్తి, “ఏవండీ, వద్దు,” అంది. ఆయన ఆగలేదు. గడ్డం చేసుకోలేదు. చొక్కా గుండీలు ఒకదానిది ఒకదాంట్లో పెట్టుకున్నారు. చేతిలో అమ్మ నోటుపుస్తకం ఉంది. వేదిక మీద మాట్లాడే గొంతు కాదు, ఇంట్లో మంచినీళ్లు అడిగే గొంతుతో మాట్లాడారు.

“ఆవిడ అబద్ధం ఆడుతోంది. నా కోసం. ఆవిడ నోట అబద్ధం నేను వినడం ఇదే మొదటిసారి, సరిగ్గా ఆడటం కూడా రాలేదు చూడండి. పుస్తకం తీసింది నేను.

“ఏడాది పైనుంచీ నాకు మనుషులు గుర్తుండటం లేదు. ముఖాలు తెలిసినట్టే ఉంటాయి, ఎవరో తెలియదు. మీకెవరికీ అది కనపడలేదంటే కారణం ఆవిడ. చర్చి గుమ్మం దగ్గర నాకంటే ముందు ఆవిడ పలకరించేది. ‘మీ పెద్దమ్మాయికి జ్వరం తగ్గిందా’ అంటే, ఓహో ఫలానా ఆవిడ అని నేను అందుకునేవాణ్ణి. ఆవిడ మంచాన పడ్డాక ఒక్కణ్ణే ఇళ్లకి వెళ్లాను. ఒక ఇంట్లో కూర్చుని, ఇంటాయన ఎలా ఉన్నారని అడిగాను. ఆయన్ని పోయిన నెల సమాధి చేసింది నేనే. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. టీ ఇచ్చింది.

“ఆ సాయంత్రమే ఈ పుస్తకం తీశాను. ఇందులో మీరందరూ ఉంటారు, చదువుకుని గుర్తుపెట్టుకుంటాననుకున్నాను. చూస్తే ఒక్క పేరు లేదు. కుట్టుమిషను ఎవరో, నీలం తలుపు ఎవరో. చదువుతుంటే ఏడుపొచ్చింది. ఇన్ని కన్నీళ్లు నా గోడకవతల ఉన్నాయా అనుకున్నాను. కొన్ని పేజీల కింద ‘చె’ అని ఉంది. చెప్పాలి అని చదువుకున్నాను. సంఘంలో చెప్పి ప్రార్థన చేయించమని ఆవిడే గుర్తు పెట్టిందనుకున్నాను. చెప్పకూడదు అన్నది నాకు తోచనే లేదు. నలభై ఒక్క ఏళ్లుగా చెప్పడమే కదా నా పని.

“అంతవరకూ మరపు, తెలివితక్కువతనం. మా అమ్మాయి అడిగింది, ఆ చీటీ ఎక్కడిదని. పెట్టెలోది అన్నాను. అది మరపు కాదు. అది నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత పెద్దాయన వచ్చి మా ఆవిణ్ణి నానా మాటలూ అంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. అదీ గుర్తుంది.

“నా వల్ల దెబ్బలు తిన్న తల్లి ఎవరో తెలిసింది. మా ఇంట్లోనే ఉంది. రెండో తల్లి మీలో ఎవరో నాకు తెలియదు. ఎవరో నాకు చెప్పకండి, ఎవరి వైపూ చూపించకండి. ఏ గడపకి తప్పు చేశానో తెలియదు కనక ఇరవై మూడు గడపలకీ వస్తాను, రేపు పొద్దుట్నుంచీ. వచ్చి ‘మీరెవరమ్మా’ అని అడిగితే మాత్రం ఏమనుకోకండి.”